బాబాయ్ ఆడిన పద్నాలుగున్నర నిమిషాలు

ఆ రోజుల్లో మేము పోగొట్టుకున్నవేమిటో ముందే లెక్క చెప్పేస్తాను, తర్వాత ఏదో దాచాడని ఎవరూ అనకుండా. తొమ్మిది ఆదివారాల్లో ఏడు మ్యాచ్‌లు. నా లాప్‌టాప్ మీద ఒక మీట (ఎవరి పిడికిలికి ఎగిరిపోయిందో ఇప్పటికీ తేలలేదు). క్యాంటీన్ కుర్చీ ఒకటి. మా అమ్మ పంపిన మాగాయ సీసాలో మూడొంతులు. ఒక అసైన్‌మెంట్‌లో ఆరు మార్కులు. ఎక్కడో ఫిలిప్పీన్స్‌లో ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఓడిపోతే లండన్ చివర హేస్‌లో ఒక తెనాలి కుర్రాడికి ఇంత నష్టం ఎందుకు జరగాలని మీరు అడగవచ్చు. మా రూమ్మేట్ రోజూ అడిగేవాడు.

నేను అప్పుడు ఎమ్మెస్సీ చదువుతూ, ఆదివారాలు హేస్‌లో విమాన ప్రయాణికుల భోజనం ట్రేలు సర్దే పనికి వెళ్ళేవాణ్ణి. ట్రేకి ఒక బన్ను, ఒక వెన్న, ఒక చెంచాల పొట్లం. ఇంటర్లో లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పిన పౌరుషంతో ఆ తర్వాత సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, గంటకి ఎన్ని ట్రేలు పోతున్నాయో, ఎన్ని బన్నులు కింద పడుతున్నాయో పైకే చెబుతుండేవాణ్ణి. ఎవరూ అడగకపోయినా సరే. మా లైన్ లీడర్ ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ. నాకు 'కాలిక్యులేటర్' అని పేరు పెట్టింది ఆవిడే. మొదటి రోజే, "నన్ను మేడమ్ అనొద్దు, ఆతే అను" అంది. వాళ్ళ భాషలో ఆతే అంటే అక్క. ఆ సంగతి నాకు తెలియదు. అత్త అనమంటోంది కాబోలు అనుకుని, ఇంత దూరం వచ్చాక వరస కలిపినవాళ్ళు దొరికారని పొంగిపోయి, మూడు వారాలు "అత్తా, బన్నులు అయిపోయాయి" అని పిలిచాను. ఆవిడా పలికింది.

"అత్త అంటున్నావు, కూతురుందేంట్రా?" అన్నాడు రూమ్మేట్, అన్నం వార్చడం ఆపి మరీ.

"లేదురా. తమ్ముడున్నాడు. బాస్కెట్‌బాల్ ఆడతాడట."

"అత్త తమ్ముడంటే నీకు బాబాయ్ అవుతాడు. పోన్లే, ఇంట్లో ఒక ఆటగాడు."

అలా ఆయన నాకు బాబాయ్ అయ్యాడు. ఫిలిప్పీన్స్‌లో బాస్కెట్‌బాల్ అంటే మనకి క్రికెట్ లాంటిది. జట్లకి ఊళ్ళ పేర్లు ఉండవు, కంపెనీల పేర్లుంటాయి. బాబాయ్ ఆడేది దోమల కాయిల్స్ చేసే ఒక కంపెనీకి. చొక్కా మీద చచ్చిపడిన దోమ బొమ్మ. (వాళ్ళ ఆట చూశాక ఆ బొమ్మ ఎవరిదో అర్థమయ్యేది.) నిజానికి 'ఆడేది' అనకూడదు. బాబాయ్ కూర్చునేవాడు. బెంచీ మీద చివరినుంచి రెండోవాడు. జట్టు ఇరవై పాయింట్లు వెనకబడి, ఆట ఇక అయిపోయిందని అందరికీ తెలిశాకే కోచ్ ఆయన వంక చూసేవాడు. ఆతే దేశం విడిచి అప్పటికి ఆరేళ్ళు. ఇక్కడ మొదటి ఉద్యోగం జీతంతో తమ్ముడికి మొదటి బూట్లు కొని పంపింది ఆవిడే. పెద్ద లీగ్‌లో వాడు కోర్టు మీద పరుగెత్తడం ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక. అంతే, ఇంకేమీ అక్కర్లేదు.

మనీలాలో సాయంత్రం ఏడున్నరకి మ్యాచ్ మొదలైతే మాకు మధ్యాహ్నం పన్నెండున్నర. సరిగ్గా మా బ్రేక్. నా లాప్‌టాప్‌లో డాంగిల్ గుచ్చి, గుడ్డి వెలుతురులా కనిపించే ప్రసారం చూసేవాళ్ళం. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే 'కుయా' కూడా వచ్చేవాడు (కుయా అంటే అన్న, ఈ మాట మాత్రం నేను ముందే అడిగి తెలుసుకున్నాను). ఆయనది ఎప్పుడూ గెలిచే జట్టు, ఆయన వచ్చేది మా దోమల్ని ఏడిపించడానికి. బ్రేక్ అరగంటే. మేము ఎప్పుడూ ఆట మొదలే చూసేవాళ్ళం, బాబాయ్ దిగితే గిగితే చివర్లో దిగేవాడు. ఎనిమిది ఆదివారాలకి నా పుస్తకంలో ఇలా ఉంది: బాబాయ్ ఆడినది రెండుసార్లు కలిపి నిమిషం యాభై సెకన్లు. ఆతే చూసినది సున్నా.

"ఇరవై పాయింట్లు తొందరగా వెనకబడమని చెప్పు ఆతే, మన బ్రేక్‌లోనే దింపుతారు," అనేవాడు కుయా.

"నోర్ముయ్యి. నా తమ్ముడి కోసం జట్టు ఓడిపోవాలా?"

"వాళ్ళు ఎలాగూ ఓడిపోతున్నారు కదా. కాస్త త్వరగా అంటున్నాను."

అక్టోబరు ఆఖరి ఆదివారం చివరి మ్యాచ్. అప్పటికే జట్టు పోటీలోంచి పోయింది కాబట్టి, కోచ్ ఈసారి బెంచీవాళ్ళనే మొదట దింపుతానన్నాడట. శుక్రవారం తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. కాంట్రాక్టు అయిపోతోందని, మళ్ళీ ఉంచుకుంటారో లేదో తెలియదని కూడా చెప్పాడు. శనివారం ఆతే మేనేజర్‌ని బతిమాలి ఆదివారం లైన్ మొత్తానికి గంట బ్రేక్ ఇప్పించుకుంది. ఆ గంట ఎప్పుడు పెట్టాలో చెప్పే పని నాది. ఆ ఆదివారమే ఈ దేశంలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, మనీలాలో తిప్పరు. ఇవన్నీ నాకు తెలుసు. మామూలు మనిషైతే మరిచిపోయేవాడు. నేను మరవలేదు, అదే వచ్చిన చిక్కు. కూర్చుని తెలుగులో ఆలోచించాను. గడియారం గంట వెనక్కి పోతోంది. కాబట్టి మ్యాచ్ కూడా గంట వెనక్కి పోతుంది. వెనక అంటే తర్వాత. వెనక బస్సు అంటే తర్వాత వచ్చే బస్సే కదా. పన్నెండున్నరకి ఒక గంట వెనక, ఒకటిన్నర. నాలుగు రంగుల పెన్నులతో పట్టిక గీసి నోటీసు బోర్డుకి అంటించాను.

ఆతే ఒకసారి అడిగింది కూడా. "పదకొండున్నర కాదూ, కాలిక్యులేటర్?"

నేను నవ్వాను. కోపంగా కాదు, జాలిగా. కాగితం తీసి, రెండు గడియారాలు గీసి, బాణాలు వేసి, ఆవిడ తల పట్టుకునేదాకా వివరించాను. ఆరేళ్ళుగా రోజూ మనీలాకి ఫోన్ చేస్తున్న మనిషికి!

ఆదివారం ఒంటిగంటా పదిహేనుకి బ్రేక్. (డాంగిల్ మొండికేస్తుందని పావుగంట ముందే పెట్టించాను. నా ముందుచూపు అలాంటిది.) ఆతే పెద్ద పళ్ళెం నిండా వాళ్ళ సేమ్యా వంటకం, పాన్సిత్, వండుకొచ్చింది. శాలడ్ లైన్ పంజాబీ ఆంటీ కూడా వచ్చి కూర్చుంది. తెర వెలిగింది. నాలుగోది, అంటే ఆటలో చివరి భాగం, నడుస్తోంది. ఇంకా రెండు నిమిషాల యాభై సెకన్లు.

"ఇది ముందు మ్యాచ్ అయ్యుంటుంది," అన్నాను.

"ముందు మ్యాచ్‌లో మన దోమలెందుకుంటాయి?" అన్నాడు కుయా.

"అయితే పాతది. రికార్డింగ్."

ఆతే తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా చూస్తోంది. "వాడు తడిసిపోయి ఉన్నాడు," అంది మెల్లగా.

బాబాయ్ కోర్టు మధ్యలో ఉన్నాడు. సీజనంతా ఇస్త్రీ మడత చెదరని ఆ చొక్కా, పిండితే కారేలా ఒంటికి అంటుకుపోయి ఉంది. ఆ చెమట రెండు నిమిషాల్లో పట్టింది కాదు. ఆ క్షణంలో నా తలలో రెండు గడియారాలూ, బాణాలూ ఒక్కసారిగా ఇటు నుంచి అటు తిరిగాయి. కుయా నా వంక చూసి, పట్టిక వంక చూసి, మొదటిసారి ఏ జోకూ వేయకుండా ఊరుకున్నాడు. దానికంటే తిట్టినా బాగుండేది.

ఇంతలో ఎవరో బాబాయ్‌ని తోసేశారు, ఆయనకి రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డం రాకుండా వేసే బంతులు) ఇచ్చారు. మొదటిది రింగుకి కొట్టుకుని బయటపడింది. ఆతే నా మణికట్టు పట్టుకుంది (గోళ్ళ గుర్తులు నాలుగు). రెండోది రింగు మీద గుండ్రంగా తిరిగి, ఆలోచించుకుని, లోపల పడింది. "బాబాయ్!" అని నేను అరిచాను. ఎందుకో కుయా కూడా "బాబాయ్!" అన్నాడు, వరస తెలియని పంజాబీ ఆంటీ కూడా అంది, క్యాంటీన్ అంతా అంది. కుర్చీ విరిగింది అప్పుడే. దోమలు పంతొమ్మిది పాయింట్ల తేడాతో ఓడిపోయాయి. పంతొమ్మిది పాయింట్లతో ఓడినందుకు జనం గంతులేయడం ఆ తర్వాత నేనెక్కడా చూడలేదు.

గొడవ సద్దుమణిగాక ఆతే కళ్ళు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది. "మొత్తం ఎంతసేపు ఆడాడు?"

లెక్కలవాణ్ణి కదా, తెర మీద వేసిన లెక్క చదవక తప్పలేదు. "పద్నాలుగు నిమిషాల ముప్పై."

"మనం చూసింది?"

"రెండు నిమిషాల యాభై."

"తీసెయ్."

"పదకొండు నిమిషాల నలభై సెకన్లు."

"అది నువ్వు నాకు బాకీ," అని, పళ్ళెంలో అందరికంటే పెద్ద వాటా నాకే వడ్డించింది. తలెత్తకుండా తిన్నాను. తలెత్తకుండానే రెండోసారి కూడా వేయించుకున్నాను.

బాబాయ్‌ని ఆ జట్టు మళ్ళీ తీసుకోలేదు. ఆ మ్యాచ్ రికార్డింగ్ కోసం నేను వెతకని చోటు లేదు, దొరకలేదు. ఇప్పుడు నేను బేసింగ్‌స్టోక్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో లెక్కలు వేస్తూ బతుకుతున్నాను. నా పట్టికలని మరో ఇద్దరు సరిచూస్తారు, అది అందరికీ మంచిది. ఈ వేసవిలో ఆతే ఫోన్ చేసింది, తమ్ముడు చూడ్డానికి వచ్చాడని. మా అమ్మాయిని కారెక్కించుకుని హేస్ వెళ్ళాను. బాబాయ్ ఇప్పుడు స్కూల్లో ఆటల మాస్టారు. బొజ్జ వచ్చింది. "బాబాయ్" అనగానే తనని పిలిచినట్టే తిరిగి చూశాడు. అక్క అన్నీ చెప్పిందట, గడియారాలతో సహా. పార్కులో బాస్కెట్‌బాల్ కోర్టుంది. "అక్కకి నా నిమిషాలు బాకీ ఉన్నావట కదా, పద, కొంత తీరుద్దాం," అని, జుట్టు నెరిసిన కుయాని ఎదురు నిలబెట్టి ఆట మొదలుపెట్టాడు. మా అమ్మాయి ఫోన్‌లో టైమ్ నొక్కింది. ఆతే గీత పక్కన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. తెర లేదు, డాంగిల్ లేదు, తమ్ముడు పదడుగుల దూరంలో రొప్పుతూ పరుగెడుతున్నాడు. మూడు బంతులు వేశాడు, ఒకటి పడింది. తర్వాత మోకాలు పట్టుకుని గడ్డి మీద కూలబడ్డాడు.

"మూడు నిమిషాలు కొట్టెయ్, కాలిక్యులేటర్," అంది ఆతే, మెరిసే మొహంతో.

"టూ ఫిఫ్టీ సిక్స్, యాక్చువల్లీ," అంది మా అమ్మాయి.

ఆతే నవ్వి, మూడనే వేసుకోమంది. నాలుగు సెకన్లకి ఏముందంది. నేను ఒప్పుకోలేదు. అంత ధీమాగా ఆవిడ వంక జాలిగా నవ్విన ఆ తెనాలి కుర్రాడి తరఫున, ఉన్నది ఉన్నట్టుగానే రాసుకున్నాను. ఆతేకి నేను ఇంకా బాకీ: ఎనిమిది నిమిషాల నలభై నాలుగు సెకన్లు.