పదిహేనో రీలు

మా అత్త, అంటే నాన్నకి అక్క, ఏ వస్తువునీ అంత తేలిగ్గా పారేసే మనిషి కాదు. బస్సు డిపోలో స్పేర్ పార్టుల గది ఆవిడ చేతిలో ఉండేది. మెకానిక్ కొత్త ఫ్యాన్ బెల్టు అడిగితే ముందు పాతది తెచ్చి చూపించమనేది. అటూ ఇటూ వంచి చూసి, "ఇంకో నెల వస్తుంది, పో" అనేది. ఆ గది మెట్లెక్కాలంటే మెకానిక్‌లకి ప్రాణం మీదకొచ్చేది. ఇంట్లోనూ అంతే, టూత్‌పేస్టు ట్యూబుని కత్తెరతో కోసి మరీ గీకేది.

ఆవిడకున్న ఒకే ఒక్క సరదా కలర్ ఫిల్మ్ కడగడం. బాత్రూమే ల్యాబు. పొడి ప్యాకెట్లు తెప్పించి లీటరు నీళ్ళలో కలిపేది. సీసాల్ని వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టి, వేడి ముప్ఫై ఎనిమిది డిగ్రీలకి రాగానే గడియారం చూసుకుంటూ ఫిల్మ్ ఉన్న డబ్బా తిప్పేది. కలిపిన డెవలపర్ మందుని నెలన్నరకి మించి ఉంచొద్దని, లీటరుకి ఎనిమిది రీళ్ళే కడగమని ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. అత్త అవన్నీ లెక్కచేస్తే కదా. పాడుచేసేది గాలే కాబట్టి సీసాలో గోళీలు వేసి మందుని మూతిదాకా తెచ్చేది. బలం తగ్గుతున్న కొద్దీ రీలు రీలుకీ కొన్ని సెకన్లు పెంచేది. అలా పన్నెండు, ఒక్కోసారి పద్నాలుగు లాగేది. బాగానే వచ్చేవి, కాదనను.

నానమ్మ పోయిన నెలకి నాన్న తన కెమెరాలోని రీలు తీసి అక్క చేతిలో పెట్టాడు. ఆఖరి రెండు వారాల్లో నానమ్మని తీసిన ఫొటోలవి. వేరే ఫొటోలు లేవు. రెండో రోజు అత్త నెగటివ్ తెచ్చి బల్లమీద పెట్టింది. కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే మంచం అంచు, ఎవరిదో భుజం లీలగా కనిపించాయి. మొహం అన్నది ఎక్కడా లేదు.

"కెమెరా మూత సరిగ్గా పడలేదురా. వెలుతురు తగిలింది" అంది అత్త.

నాన్న కెమెరా తీసుకెళ్ళి బీరువాలో పడేశాడు. ఆరేళ్ళయినా మళ్ళీ ముట్టుకోలేదు. నానమ్మ ప్రస్తావన వచ్చినప్పుడల్లా, "ఒక్క మూత సరిగ్గా వెయ్యలేకపోయాను" అంటాడు. వినీ వినీ మాకు అలవాటైపోయింది. ఆయనకి మాత్రం కాలేదు.

ఈమధ్యే అత్త రిటైరైంది. రిటైరయిన వారానికే ఫోన్ చేసి, "ఫిల్మ్ కడగడం నేర్పిస్తాను, రా" అంది. ముప్ఫై ఏళ్ళు దాటాక నాకిప్పుడెందుకంటే వినలేదు. నాలుగు ఆదివారాలు వెళ్ళాను. నాలుగో వారం ఒక పాడైన ముక్క చూపించి, "ఇది చూడు, కెమెరాలో వెలుతురు తగిలితే నెగటివ్ నల్లబడుతుంది. బొమ్మ పల్చబడిందంటే మందులో బలం లేదన్నమాట" అంది. అని నా మొహంలోకి చూసింది.

ఇంటికెళ్ళి నాన్న దాచుకున్న ఆ నెగటివ్ స్ట్రిప్ తీసి చూశాను. ఎక్కడా నల్లబడలేదు, పల్చగా ఉంది. మర్నాడు దాన్ని తీసుకెళ్ళి అత్త ముందు పెట్టాను.

"ఇది ఎన్నో రీలత్తా?"

"పదిహేనోది. మందు కలిపి మూడు నెలలు దాటింది." తడుముకోలేదు.

"మరి నాన్నతో అలా ఎందుకన్నావు?"

"ఆ క్షణానికి నోట్లోంచి వచ్చేసింది. తర్వాత చెప్పడానికి నోరు రాలేదు. నీకు పని నేర్పితే నీకే తెలుస్తుంది, నువ్వే చెప్తావనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు నాన్న మోసింది చాలక ఇప్పుడిది నా నెత్తిన పెడుతోంది.

"నేను చెప్పను. నువ్వే చెప్పాలి" అన్నాను.

"చెప్తే వాడింక నా మొహం చూడడే."

"చూడకపోవచ్చు."

అత్త లేచి చేతులు కడుక్కుని, టవలుతో తుడుచుకుని, చెప్పులేసుకుంది. నేనూ లేవబోతుంటే, "నువ్వు రాకు" అంది.