టీచరమ్మ గది గడియ

ఇల్లు అన్నాచెల్లెళ్ళిద్దరిదీ. అయినా సైన్సు టీచరైన చెల్లెలి గది గడియ ఊడబీకి, అన్నయ్య తన గదికి బిగించుకున్నాడు. “మనలో మనకి దాపరికాలేంటమ్మా?” అన్నాడు. ఆమె పేపర్లు దిద్దుతుంటే ఎవరు పడితే వాళ్ళు దూరిపోయేవాళ్ళు.

ఓ రోజు ఆమెకి ఒళ్ళు మండింది. క్లాసులో చెప్పే పాఠమే అన్నయ్యకీ చెప్పింది.

“కణం చుట్టూ రెండు వరసల కొవ్వుతో పల్చటి పొర ఉంటుంది. అందులో ప్రోటీన్ల తలుపులుంటాయి. కావలసినదాన్ని రానిస్తుంది, చెత్తని బయటికి తోస్తుంది, మిగతావాటికి తలుపు తియ్యదు.”

“అన్నిటికీ తీస్తే ఏమవుతుందట?” అన్నాడు వెటకారంగా.

“చస్తుంది.”

ఆ సాయంత్రమే స్క్రూడ్రైవరుతో అన్నయ్య తలుపు గడియ ఊడదీసి, మళ్ళీ తన తలుపుకి బిగించుకుంది.

మర్నాడు అన్నయ్య తలుపు తట్టి, “అమ్మాయ్!” అని పిలిచాడు.

“ఎవరూ?” అంది, గొంతు గుర్తుపట్టి కూడా.