ఎడమ చెయ్యి ఎత్తితే ఆపుతాను

పుట్టపర్తి జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది, అంటే 2023లో, నన్ను కుందుర్పి వైపు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రానికి డెంటల్ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. రిటైర్మెంటు దగ్గర పడింది. ఇన్నేళ్ళు పళ్ళు పీకినదాన్ని, కొత్తగా నేర్చుకునేదేముంటుందిలే అనుకుంటూ వెళ్ళి చేరాను.

అక్కడి పిల్లలు మమ్మల్ని చూసి ఎందుకు వణుకుతారో తెలుసుకోవడానికి పరిశోధనలేవీ అక్కర్లేదు. అన్నం తినకపోయినా, బడికి పోనన్నా, "ఆస్పత్రికి తీసకపోయి సూది ఏపిస్తా" అనే తల్లులే చాలు. రోజూ బూచిగా చూపించిన మనిషి దగ్గరికి ఒకరోజు పిల్లను లాక్కొచ్చి, మేడం మంచిది, ఏమీ చెయ్యదు అంటారు. పిల్లలు నమ్మరు. నేనైనా నమ్మను.

ఈ భయం పోగొట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా గదిలో ఒక గోడకు బొమ్మలు వేయించాలి, ప్రారంభోత్సవం చేయాలి, ఫోటోలు పంపాలి. గోడమీద నవ్వే పన్నొకటి వేయించాం. వేసినవాడు ఎన్నికల బోర్డులు రాసే పెయింటరు. అందుకని ఆ పన్ను రెండు చేతులూ జోడించి ఓట్లు అడుగుతున్నట్టు ఉండేది. ప్రారంభించడానికి ఆ చుట్టుపక్కల పలుకుబడి ఉన్న నాయకుడొకాయన వచ్చాడు. వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ ఆయన "అన్న". పక్కనున్న బడి పిల్లలను చప్పట్లు కొట్టడానికి వరసగా నిలబెట్టారు.

ఆ హడావుడితో సంబంధం లేకుండా బెంచీమీద ఓబుళమ్మ, ఆమె ఆరేళ్ళ కూతురు హారిక కూర్చుని ఉన్నారు. ఓబుళమ్మ శెనగకాయలు వలిచే కూలి మానుకుని వచ్చింది. పిల్లకు కింది దవడలో పాలపన్ను పుచ్చి చీము పట్టింది. అప్పటికే రెండుసార్లు కుర్చీ ఎక్కకుండా పారిపోయింది. మందులు వాడినా వాపు దవడ కిందికి జారుతోంది. ఇంకా దిగితే ఊపిరికే అడ్డం వస్తుంది. ఆ రోజు పన్ను తీసి తీరాలి.

రిబ్బను కత్తిరించాక అన్నకు ఒక ఆలోచన వచ్చింది. తానే కుర్చీలో కూర్చుని పిల్లలకు ధైర్యం నేర్పిస్తానన్నాడు. నొప్పి ఉండదు సార్ అన్నాను. నోరు తెరిపించి చూడకముందే అనేశాను, మా వృత్తిలో ఆ మాట అలవాటుగా వచ్చేస్తుంది. నోట్లో పెట్టిన అద్దం మసకబారితే గొట్టంతో గాలి కొట్టడం కూడా అలవాటే. ఆ గాలి ఆయన పుచ్చుపంటికి తగిలింది. అన్న కెవ్వున అరిచి, మెడకు కట్టిన తువ్వాలుతోనే కిందికి దిగాడు.

"ఏమ్మా, నొయ్యదంటివి గదా" అని నామీద గుర్రుమన్నాడు. అంతలోనే అర్జెంటుగా ఫోనొచ్చిందని జీపెక్కాడు. ఆయన వెనకే బడి పిల్లలంతా గేటు దాటారు. ధైర్యం బాగానే నేర్పాడు.

హారిక మాత్రం మిగిలింది, తల్లి దాని రెక్క వదల్లేదు కాబట్టి. కాళ్ళూ చేతులూ మేం పట్టుకుంటాం, మీరు పీకేయండి అన్నాడు మా అటెండరు. అది మా పాత పద్ధతే. నేనూ చాలామంది పిల్లలకు అలాగే చేయించాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పిల్ల నన్నే చూస్తూ, "ఆయప్పకు నొయ్యదంటివి. నొచ్చె గదా" అంది.

అబద్ధమే చెప్పానని ఒప్పుకున్నాను. నీకూ నొస్తుంది, సూది గుచ్చినప్పుడు, పది లెక్కపెట్టేవరకు అన్నాను. ఆ తర్వాత మొద్దుబారుతుందని, పన్ను తీసేటప్పుడు లాగినట్టు మాత్రం ఉంటుందని చెప్పాను. ఓబుళమ్మ తల పట్టుకుంది. "అట్ల చెప్తే యాడ కూసుంటాది మేడం?"

ఎడమ చెయ్యి ఎత్తితే ఏ పనైనా ఆపేస్తానని కూడా చెప్పాను. ఇది కాలేజీలో చదువుకున్న పాఠమే. ఓపీ చీటీలు కుప్పపడ్డప్పుడు ఎవరికి గుర్తుంటుంది?

హారిక చాలాసేపు ఆలోచించి కుర్చీ ఎక్కింది. అద్దం పెట్టగానే చెయ్యెత్తింది. తీసేశాను. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎత్తింది. చిగుళ్ళకు మత్తు జెల్ రాస్తుంటే మూడోసారి. నొప్పి లేదని నాకూ తెలుసు, పిల్లకూ తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఆపాను. సూది దిగేటప్పుడు కళ్ళనీళ్ళు కారాయి, చెయ్యి మాత్రం పైకి లేవలేదు. నేను పది లెక్కపెట్టాను. మొద్దుబారిందని పరీక్షించుకుని పన్ను తీశాను. మూడో రోజుకు వాపు తగ్గింది.

పైకి పంపే రిపోర్టులో గోడ కొలతలకు, ముఖ్య అతిథి పేరుకు గడులున్నాయి. ఎవరికైనా భయం తగ్గిందా అనే గడి లేదు.

ఊరికే చెయ్యెత్తినప్పుడు ఆపిన డాక్టరునే పిల్లలు సూది దగ్గర నమ్ముతారు. ఇది నాకు సర్వీసు చివర్లో తెలిసింది. అంతకుముందు కాళ్ళూ చేతులూ పట్టించి పళ్ళు పీకిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళు. పన్ను నొస్తే లవంగం పెట్టుకుని ఇంట్లోనే కూర్చుంటారు.