బ్రేక్ మీద కాలు

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాకే నేను కారు నేర్చుకున్నాను. ఆత్మకూరులో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి వారం వారం పోవాలన్నారు. ఆయన్ని ఉదయగిరిలో బస్సెక్కించి, అక్కడ దించి, మళ్ళీ ఎక్కించుకుని రావడం నా ఒక్కదానితో అయ్యే పని కాదు. ఆయన అపురూపంగా చూసుకున్న పాత కారేమో వాకిట్లో ఊరికే నిలబడి ఉంది. నేను పాఠాలు చెప్పే బడి వదిలాక ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఊరి బయట ఖాళీ జాగాలో నేర్చుకున్నాను. అప్పటికి ఆయనకు నోరు సరిగా తిరగదు. "క్లచ్చి" అనడానికి తంటాలు పడేవారు. ఆ మాట పూర్తయ్యేలోపే బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయేది. అంత కష్టంలోనూ ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

నెలలు గడిచేకొద్దీ మాట తేటపడింది. చేతికి కొంత బలం వచ్చింది. కాలు మాత్రం మొండికేసింది. ఆ అమ్మాయి తువ్వాలు చుట్టి ఆయన పాదం కింద పెట్టి నొక్కమనేది. ఆయన నొక్కేవారు. నొక్కుతున్నారో లేదో ఆమె చెయ్యి పెట్టి చూస్తే తప్ప తెలిసేది కాదు. బలం వస్తోందని ఆమె చెప్పినప్పుడల్లా, మన మనసు నిలబెట్టడానికి చెప్పే మాటేలే అనేవారు ఇంటికొచ్చాక.

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం ఆత్మకూరు నుంచి తిరిగి వస్తున్నాం. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇంక ఈ తిరుగుడు చాలని, వచ్చే వారం నుంచి రానని చెప్పారు. కోపంగా చెప్పుంటే వాదించేదాన్ని. ఎప్పుడో తేల్చుకుని పెట్టుకున్నట్టు చాలా నిదానంగా చెప్పారు. బండి నడుపుతూ ఉండిపోయాను.

హైవే దిగి ఉదయగిరి రోడ్డులో కొంత దూరం వచ్చామో లేదో, గొర్రెల మంద ఒకటి అడ్డం వచ్చింది. బ్రేక్ తొక్కాను. మా వెనక నుంచి టైర్లు కీచుమన్న శబ్దం. అద్దంలో చూస్తే, నిమ్మకాయల ఖాళీ ట్రేలు ఎత్తుగా పేర్చుకున్న మినీ వ్యాను ఒకటి మా డిక్కీకి మూరెడు దూరంలో ఆగి ఉంది. దాని డ్రైవరు దిగి వస్తున్నాడు. తిట్లు తప్పవనుకుంటూ అద్దం దించాను. నడివయసు మనిషి. అతని మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

"అక్కా, నువ్వు బ్రేక్ ఏసింది నాకు తెలీలా. నీ ఎడమ లైటు పడటంల్యా. కుడిది దుమ్ము కొట్టుకపోయి ఉండీ లేనట్టుండాది" అన్నాడు.

తర్వాత వంగి లోపల మా ఆయన్ని చూశాడు, ఆయన పక్కనున్న చేతికర్రను చూశాడు. ఎక్కడిదాకా పోవాలని అడిగాడు. ఉదయగిరి అన్నాను. తనూ అటే, సీతారామపురం పోతున్నానని, ఇల్లు చేరేదాకా మా వెనకే ఉంటానని, బెదరకుండా మెల్లగా పొమ్మని చెప్పాడు. భుజం మీది తువ్వాలుతో కుడి లైటు తుడిచి మరీ పోయి బండెక్కాడు.

అన్నట్టే వచ్చాడు. తన బండి లైట్లన్నీ మిణుకు మిణుకుమనిపిస్తూ, నేనెంత నిదానంగా పోయినా ఒక్కసారి కూడా హారన్ కొట్టకుండా మా సందు మలుపు దాకా వచ్చాడు. దిగి మంచినీళ్ళయినా ఇద్దామనుకునే లోపలే చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. పేరేందో, ఏ ఊరో ఇప్పటికీ తెలియదు. దోవన పోయే మనిషి మా ప్రాణాలు తన ప్రాణం లాగా చూసుకుని ఇల్లు చేర్చిపోయాడు.

బల్బు బస్టాండు దగ్గర స్పేర్ పార్టుల అంగట్లో దొరికింది గానీ, వేసే మెకానిక్ దొరకలేదు. పెళ్ళికని కలిగిరి పోయాడట. నేను దిగులు పడుతుంటే మా ఆయన, "నువ్వే ఎయ్యి. దాంట్లో ఏముండాది" అన్నారు.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో కారు వెనక ఆయనకు కుర్చీ వేశాను. ఆయన చెప్పడం, నేను చెయ్యడం. డిక్కీ ఎత్తి స్క్రూలు విప్పితే లైటు మొత్తం చేతిలోకి వచ్చింది. వెనకాల హోల్డరు తిప్పితే ఊడింది. పాత బల్బును కొద్దిగా లోపలికి నొక్కి తిప్పి తీశాను. గాజంతా మాడినట్టు నల్లబడి ఉంది. హోల్డరు లోపల చిలుము పట్టి ఉంటే, అగ్గిపెట్టె గరుకు పక్క చింపి రుద్దమన్నారు. రుద్దాను. కొత్తది ఎంత నొక్కినా కూర్చోలేదు. దాని పక్కల ఉండే ముళ్ళు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయట. తిప్పి పెట్టమన్నారు. తిప్పి పెడితే టక్కున కూర్చుంది.

వెలుగుతుందో లేదో చూడాలంటే ఒకరు బ్రేక్ తొక్కాలి, ఒకరు వెనక నిలబడి చూడాలి. పక్కింటావిడను పిలుస్తానని గేటు దాకా వెళ్ళాను.

"ఎవురూ వద్దు. నేను కూచుంటా" అన్నారు ఆయన.

జబ్బు పడ్డాక ఆయన ఆ సీట్లో కూర్చోలేదు. ఒక చేత్తో నా భుజం, ఒక చేత్తో డోరు పట్టుకుని కూర్చున్నారు. ఎడమ చేత్తో కుడి కాలు ఎత్తి లోపల పెట్టుకున్నారు. తాళం కూడా అక్కర్లేదు, నువ్వు పోయి చూడు అన్నారు. వెనక్కి వచ్చి నిలబడ్డాను. లైటు వెలగలేదు. నేనే సరిగా బిగించలేదేమోనని మళ్ళీ హోల్డరు మీద చెయ్యి వేశాను. అప్పుడు నా వేళ్ళ మీద ఎర్రటి వెలుగు పడింది. పడి, ఆరిపోయింది. కాసేపటికి మళ్ళీ పడింది. ఈసారి ఆరలేదు.

"ఎలిగిందా?" అని అడిగారు లోపలి నుంచి.

వెలిగిందని, అలాగే పట్టుకోమని చెప్పాను. పట్టుకున్నారు. నేను కదలకుండా చూస్తున్నాను. ఆ వెలుగు నిలిచి ఉన్నంతసేపూ ఆయన కాలు నొక్కుతున్నట్టే కదా. ఆ అమ్మాయి చేతికి మాత్రమే తెలిసిన బలం నా కళ్ళకు కనబడుతోంది. నాకు కళ్ళు మసకలు కమ్మాయి.

"చేత్తో నొక్కలా" అన్నారు ఆయన, నేను అడక్కుండానే. "కాల్తోనే నొక్కినాను."

స్క్రూలు బిగించి డిక్కీ వేసేశాను. వెనక ప్రహరీ గోడ మీద ఇంకా ఎండ పడలేదు. ఆయన అద్దం సర్దుకుని, తొక్కుతూ వదులుతూ, తెల్లటి సున్నపు గోడ మీద ఎరుపు వచ్చి పోవడం చూసుకుంటూ కూర్చున్నారు. దిగమంటే దిగలేదు. కాఫీ అక్కడికే తెచ్చిచ్చాను. పక్కింటావిడ గోడ మీద నుంచి చూసి, ఎక్కడికి పయనమని అడిగింది. ఎక్కడికీ లేదని, ఊరికే కూర్చున్నానని చెప్పారు.

ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞతలు చెప్పేవాళ్ళు లేవమన్నప్పుడు నేనూ లేచాను. మామూలుగా అందరూ పరీక్షలు పాసైనందుకో, ఆపరేషన్ బాగా జరిగినందుకో చెబుతారు. నేను బల్బు సంగతి చెప్పాను. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోతే, పక్కన కూర్చున్న ముసలామె నా చెయ్యి పట్టుకుంది.

తర్వాతి వారం ఆత్మకూరు పోయే రోజు ఆయనే ముందు తయారై కుర్చీలో కూర్చున్నారు. ఆ అమ్మాయి ఎప్పటిలాగే తువ్వాలు చుట్టి తెస్తుంటే, చెయ్యి పెట్టి చూడమ్మా అని ఆయనే అడిగారు. ఆమె పట్టుకుని చూసి, నా వైపు తిరిగి, ఇంకొంచెం గట్టి తువ్వాలు తెస్తానని లోపలికి వెళ్ళింది.