పూతరేకుల పరీక్ష

"...టీవీలు చేసుకునే కొరియా వాళ్ళు జర్మనీ కారుకి సాటొస్తారా ఏంటండీ!" అంది అన్నపూర్ణమ్మ.

"ఎక్కకుండానే తీర్పిచ్చేస్తే ఎలాగే? త్రిమూర్తులు చెప్తాడు," అన్నాడు ఆమె భర్త, బట్టల కొట్టు నాగేశ్వరప్రసాద్.

వాళ్ళ జర్మనీ కారును పన్నెండేళ్ళుగా నడుపుతున్న త్రిమూర్తులు పరీక్ష ఒక్కటే. షోరూమ్ వాళ్ళిచ్చిన కొరియా బండిలో ఆత్రేయపురం వెళ్ళి, వెనక సీట్లో పూతరేకుల పెట్టె పెట్టుకుని, గతుకుల కాలవగట్టు మీదుగా రాజమండ్రి వచ్చాడు. ఇది గెలిస్తే తన కారు అమ్మకానికి పోతుందని అతనికి తెలుసు. ఎంత నెమ్మదిగా నడిపినా ఆ జర్మనీ కారులో ఒకటో రెండో రేకులు చిట్లేవి.

పెట్టె మూత తీశాడు. పొగమంచులాంటి పొరల్లో ఒక్కటీ చిట్లలేదు. చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, ఇంకా వేడిగా ఉన్న కొరియా బండి బానెట్ మీద అరచెయ్యి ఆన్చాడు.

"ఏంటి త్రిమూర్తులూ?" అంది అన్నపూర్ణమ్మ.

"మన కారు అమ్మేయండి, అమ్మగారూ."