జ్వాలాధరుని ఆయుధం కోసం ముడిమ్యాల దాకా

అరవై తొమ్మిది వేసవిలో ఒక ఉదయం ఏడు గంటలకు పట్నంలోని గౌలిగూడ బస్టాండులో చేవెళ్ల బస్సు ఎక్కాను. భుజానికి గుడ్డసంచి, అందులో ఒక నోటుబుక్కు, తువ్వాల. నేను వెళ్తున్న పని ఎవరికైనా చెబితే నవ్వుతారు. లోకంలో లేని మనిషికి ఒక ఆయుధం ఎంచుకుని రావడానికి వెళ్తున్నాను.

ఆ మనిషి పేరు జ్వాలాధరుడు. అతన్ని పుట్టించింది నా స్నేహితుడు దేవదానం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మొదలయ్యాక కాలేజీలు మూతబడ్డాయి, పరీక్షలు ఎప్పుడో ఎవరికీ తెలియదు. నేను, దేవదానం, రహీం ఒకే గదిలో కిరాయికి ఉండేవాళ్లం. కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో గడప దాటే వీలు లేక ఒక ఆట కల్పించుకున్నాం. పలకా లేదు, పావులూ లేవు. నేను కథ చెబుతాను. ఇదిగో కొండ, ఇదిగో గుహ, లోపల ఎవరో మూలుగుతున్నారు, ఇప్పుడేం చేస్తారు అని అడుగుతాను. తమ వీరులు ఏం చేస్తారో వాళ్లిద్దరూ చెబుతారు. చేసింది నెగ్గిందా లేదా అన్నది నాలుగు గవ్వలు వేసి తేల్చుకుంటాం. రహీం వీరుడు గజదొంగ. దేవదానం వీరుడు కత్తీ తిప్పుతాడు, మంత్రమూ వేస్తాడు. అతనికి అడ్డే లేకుండా పోతోందని నేనొక నియమం పెట్టాను. మంత్రం వేయాలంటే ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. చివరిసారి ఆడినప్పుడు గవ్వలన్నీ బోర్లా పడి జ్వాలాధరుని కత్తి విరిగిపోయింది.

ఆ మరునాడే ఊరేగింపు. ముగ్గురమూ వెళ్లాం. పోలీసు కాల్పులు మొదలవగానే నేను పక్క సందులోకి ఉరికాను. దేవదానం, కిందపడ్డ ఒక ముసలాయన్ని లేపుతూ అక్కడే ఉండిపోయాడు. తూటా కడుపులో దిగింది.

దవాఖానలో తొమ్మిదో రోజు, కాస్త తెలివిగా ఉన్నప్పుడు, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"నర్సింలూ, మనోనికి కత్తి లేదు గద. మల్ల కత్తి వద్దు. రాజులందరి చేతుల అదే ఉంటది. ఎవ్వడు పట్టనిది గావాలె. మా ముడిమ్యాల దిక్కు పోయి సూసిరా. కమ్మరి కాడ సూడు, మా ఇంట్ల సూడు. చేతిల పట్టుకొని బరువెంతున్నదో సూసి వచ్చి నాకు చెప్పు."

సరే అన్నాను. ఊళ్లో ఉన్న తల్లి గుర్తొచ్చి, అతను నా మణికట్టు పట్టుకుని వదలలేదు.

"మా అవ్వకు మాత్రం చెప్పకు. పానం బాగైనంక నేనే పోయి చెప్త."

పుండు చీము పట్టిందని, ఏ సంగతీ చెప్పలేమని డాక్టరు మాతో అప్పటికే అన్నాడు. ఆ మాట దేవదానానికి తెలియదు. తెలియదని మేం అనుకున్నాం.

బస్సు లంగర్‌హౌజ్ దగ్గర అరగంట ఆగింది. ఎవరో రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చారు. కండక్టరు, నలుగురు ప్రయాణికులు దిగి వాటిని పక్కకు జరిపారు. నా పక్కన ఖాళీ గంపలతో ఒకామె కూర్చుంది. పట్నంలో కూరగాయలు అమ్ముకుని సురంగల్‌కు పోతోంది.

"సదువుకునే పిలగానివా?" అని అడిగింది.

"అవునమ్మా."

"మీ అవ్వకు ఎంత బుగులున్నదో. నాకైతే ఇద్దరు కొడుకులు, పట్నం దిక్కు ఒక్కన్ని గూడ పోనియ్య."

చిల్కూరు పోయేవాళ్లు ఇద్దరు దారిలో దిగారు. మొయినాబాద్‌కు తొమ్మిదింటికి చేరాం. గంపలామె అక్కడ దిగిపోయింది. డ్రైవరు చాయ్ తాగి వచ్చేదాకా నేనూ దిగి నిలబడ్డాను. పట్నంలో రోజూ ముక్కుకు తగిలే టైర్లు కాలిన కంపు అక్కడ లేదు. గాలి హాయిగా ఉంది. ఆ హాయికి నాకు సిగ్గేసింది.

చేవెళ్లలో దిగేసరికి పదిన్నర కావస్తోంది. బస్టాండు వెనుక సందులో కమ్మరి కొలిమి ఉందని చెబితే వెళ్లాను. యాభై ఏళ్లాయన నాగటి కర్రు సాగదీస్తున్నాడు. ఒంటిచేత్తో వాడే ఆయుధాలు ఏవైనా ఉంటే చూపించమన్నాను. ఆయన సుత్తి కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"గీ గడబిడ దినాలల్ల పట్నం పిలగాడొచ్చి కత్తులు సూపియ్యిమంటే నాకెట్లుంటది చెప్పు?"

"కొట్టడానికి కాదు పెద్దయ్యా, ఆటకు. నాటకం లాంటిది."

దవాఖానలో ఉన్న స్నేహితుడు అడిగాడని చెప్పేదాకా ఆయన మొహం విచ్చుకోలేదు. తర్వాత ఒక్కొక్కటే తీసి నా చేతికిచ్చాడు. గొడ్డలి బాగుంది గానీ గట్టి దెబ్బకు రెండు చేతులూ కావాలి. కొడవలి తేలిక, కానీ శత్రువు మీదికి వచ్చేదాకా పనికిరాదు. ఎద్దుల్ని తోలే ముల్లుగర్ర పొడవుంది, ఒంటిచేత్తో పొడవవచ్చు, కానీ మరీ బల్లెంలా ఉంది. పిట్టల్ని కొట్టే ఒడిసెల గోడకు వేలాడుతోంది. రాయి పెట్టడానికి రెండో చెయ్యి కావాలి, అంతలో మంత్రం చెడిపోతుంది. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. రాస్తున్నంతసేపూ దేవదానం ఏమంటాడో వినిపిస్తూనే ఉంది. కొడవలికైతే తప్పకుండా నవ్వుతాడు.

"మీ దోస్తుకు ఏమైంది?" అని అడిగాడు కమ్మరి.

"తూటా తగిలింది."

ఆయన లేచి సందు చివరిదాకా వచ్చాడు. ముడిమ్యాల దారి చూపించి, ఎండ ముదరక ముందే పొమ్మన్నాడు. కొంతదూరం ఎడ్లబండి మీద, మిగతాది నడిచి, పన్నెండు దాటాక చేరాను.

దేవదానం తల్లి రాహేలమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఉన్న చెలక పొలాన్ని తనే చూసుకుంటూ ఒక్క కొడుకును చదివిస్తోంది. నా పేరు చెప్పగానే చాట పక్కన పెట్టి లేచింది.

"నువ్వు నర్సింలువా! మా వాడు నీ ముచ్చట్లే చెప్తడు. వాడు రాలేదా?"

"రాలేదవ్వా. పరీక్షలు పెడతారంటున్నారు. చదువుకుంటున్నాడు."

దారి పొడవునా తయారు చేసుకున్న అబద్ధం అది. నోట్లోంచి తేలిగ్గా వచ్చింది.

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. నేను రొట్టె తుంచబోతుంటే జర ఆగమని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ బిడ్డను సల్లగ సూడు. నా కొడుకును సల్లగ సూడు. ఆడ గడబిడల వానికి ఏం గాకుండ సూడు." నేను వాళ్ల మతం వాణ్ణి కాదు. అయినా ఆమెన్ అన్నాను.

తింటూ గోడవైపు చూస్తే మేకుకు ఒక ఇనుప వస్తువు వేలాడుతోంది. నాలుగు వంకర కొక్కేలు ఒక గుత్తిగా చేసి, పైన కడియం పెట్టి, తాడు కట్టి ఉంది. బావిలో పడ్డ చేదను పైకి లాగే గాలం. తీసి చేత్తో పట్టుకున్నాను. బరువు సరిపోయింది. వాకిట్లోకి వెళ్లి ఒంటిచేత్తో తిప్పి విసిరాను. దూరాన ఉన్న కట్టెల మోపుకు తగులుకుంది. లాగితే మోపు నా దగ్గరికి వచ్చింది. ఎడమ చెయ్యి పూర్తిగా ఖాళీ. ఇంతకన్న మంచిది దొరకదు.

"గాలంతోని ఏం పని బిడ్డా?" అంది రాహేలమ్మ నవ్వుతూ.

"మా బావిలో చేద పడిందవ్వా. దేవదానం తెమ్మన్నాడు."

"తీస్కపో. మల్ల వాన్నే తెచ్చియ్యిమను. ఆ సాకుకన్న ఇంటికొస్తడు."

వాకిలి దాకా వచ్చి నా సంచి పట్టుకుంది.

"నర్సింలూ, నాలుగు దినాలాయె నాకు మనసు మంచిగ లేదు. రాత్రులు నిద్ర పడుతలేదు. నీతోని బస్సెక్కి రానా? ఒక్కసారి వాని మొకం జూసి రేపు మల్లొస్త."

చెప్పేయాలనిపించింది. చెబితే అక్కడే కూలబడుతుందేమో, దేవదానానికి ఇచ్చిన మాట పోతుందేమో అనిపించింది. నిజం చెప్పాలంటే, దారి పొడవునా ఆమె పక్కన కూర్చునే ధైర్యం నాకు లేదు.

"వద్దవ్వా. బస్సులు సరిగ్గా నడవట్లేదు. ఎక్కడైనా చిక్కుకుపోతావు. వాడు మంచిగున్నాడు, ఫికర్ చెయ్యకు."

"నువ్వు సూసినవు గద, మంచిగనే ఉన్నడు గద?"

"మంచిగున్నాడు."

సంచి వదిలింది.

చేవెళ్లలో రెండున్నర బస్సు దొరికింది. రాళ్లు లేవు, ఆపినవాళ్లు లేరు. అయిదింటికల్లా దవాఖానలో ఉన్నాను. దేవదానానికి జ్వరం ఎక్కువగా ఉంది గానీ నన్ను గుర్తుపట్టాడు. గాలం చూడగానే మొహం వెలిగింది. రెండు చేతులతో పట్టుకోబోయి ఎత్తలేకపోయాడు. రహీం కింద చెయ్యి పెట్టి ఆనించాడు.

"మా ఇంటిది! అరే, ఇది నాకెన్నడు తట్టలేదు సూడు."

గొడ్డలి, కొడవలి, ఒడిసెల, అన్నిటి సంగతీ చెప్పాను. కొడవలికి నిజంగానే నవ్వాడు, నవ్వితే కడుపు నొప్పి లేచి ఆగిపోయాడు. రహీం జేబులోంచి గవ్వలు తీసి మంచం మీద వేశాడు. ఒక్క ఆట. జ్వాలాధరుడు గాలం విసిరి లోయ అవతలి కొమ్మను పట్టుకున్నాడు, ఎడమ చేత్తో మంత్రం వేశాడు. గవ్వలు మూడు వెల్లకిలా పడ్డాయి. దాటేశాడు.

దేవదానం కళ్లు మూసుకుని, "అవ్వ ఏమన్నది?" అని అడిగాడు.

"రొట్టె పెట్టింది. ప్రార్థన చేసింది."

"వస్తనన్నదా?"

అతని ముందు అబద్ధం రాలేదు. "అన్నది. నువ్వు చెప్పినట్టే వద్దన్నాను."

గోడవైపు తిరిగాడు. "వస్తనన్నదా..." అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత మెల్లగా, "రమ్మంటే అయిపోతుండె" అన్నాడు. "రేపు పొద్దుగాల పోయి తోల్కరా నర్సింలూ. చెప్పు అంతా."

మరునాడు బంద్. అయిదున్నరకు గౌలిగూడ వెళ్తే ఒక్క బస్సూ కదలడం లేదు. రహీం తన సైకిల్ ఇచ్చాడు. ఎండెక్కక ముందే లంగర్‌హౌజ్ దాటాను. మొయినాబాద్ దగ్గర గొలుసు ఊడితే సరిచేసుకున్నాను. ముడిమ్యాల చేరేసరికి పది.

రాహేలమ్మ నన్ను చూసి, నేను నోరు విప్పకముందే గోడ పట్టుకుంది. చెప్పాను, అంతా. ఏడవలేదు. తలుపు దగ్గరికి వేసి, చెప్పులు తొడుక్కుని, "పద" అంది. సైకిల్ వెనుక కూర్చుంది. ఎండ మాడుస్తోంది. ఎత్తు వచ్చినచోటల్లా దిగి, నాకన్న ముందు నడిచింది. దారి మొత్తంలో ఒక్క మాటే అడిగింది.

"నన్ను యాదిజేసిండా?"

"నిన్ను తోలుకురమ్మన్నాడు అవ్వా."

మొయినాబాద్ చేరేసరికి ఒంటిగంట దాటింది. పట్నం వైపు నుంచి ఒక లారీ నెమ్మదిగా వస్తోంది. ముందు సీట్లో రహీం ఉన్నాడు. మమ్మల్ని చూసి లారీ ఆపించాడు. దిగాడు గానీ మా దగ్గరికి రాలేకపోయాడు, అక్కడే తల వంచుకుని నిలబడ్డాడు. దేవదానం ఉదయం తొమ్మిదింటికే పోయాడు. లారీ వెనుక అతన్ని ఊరికి తీసుకొస్తున్నారు.

రాహేలమ్మ సైకిల్ దిగింది. లారీ ఎత్తుగా ఉంది. నేనూ రహీం ఆమెను పైకి ఎక్కించాం. కొడుకు తల ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. బంద్‌కని అంగళ్లు మూసి అరుగుల మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

సాయంత్రం ముడిమ్యాలలో సమాధి చేశాం. పాస్టరు చదువుతున్న వాక్యాలేవీ నాకు వినపడలేదు. రహీం లారీలోనే వెళ్లిపోయాడు. నేను ఆ రాత్రి అక్కడే ఉండి, తెల్లారాక బయలుదేరాను. రాహేలమ్మ నన్ను తిట్టాలని నాకుంది. తిడితే మోసేవాణ్ణి. వాకిట్లో నిలబడి ఆమె అన్నది ఇది:

"నీ తప్పేం లేదు బిడ్డా. నువ్వు వద్దంటే మాత్రం నేనెందుకు ఆగాలె? కన్నదాన్ని, నేనే ఇననట్టు బస్సెక్కాల్నుండె."

తలెత్తలేక సైకిల్ ఎక్కాను. చేవెళ్లలో ఆగలేదు. మొయినాబాద్‌లో చాయ్ తాగుదామని ఆగి, తాగకుండానే కదిలాను. బంద్ ముగిసింది, బస్సులు నన్ను దాటుకుంటూ పోతున్నాయి. పట్నం చేరేసరికి పన్నెండు.

ఆ తర్వాత ఆ దారిన చాలాసార్లు వెళ్లాను. వెళ్లదలచుకున్నవారికి చెప్పగలిగింది ఒకటే, అది దూరమేమీ కాదు. పొద్దున ఏడింటి బస్సెక్కితే మధ్యాహ్నానికి ముడిమ్యాల చేరవచ్చు, రెండున్నర బస్సుకు తిరిగి బయలుదేరితే అయిదింటికి దవాఖానలో ఉండవచ్చు. ఆ రోజు బస్సులో నా పక్క సీటు ఖాళీగానే వచ్చింది. ఆమె అందులో కూర్చుని ఉంటే, కొడుకు మాట్లాడిన చివరి సాయంత్రం అతని దగ్గర ఉండేది.