విత్తనం దొరకని తిత్తిమొక్క

పాతబస్తీలో నేను పాఠాలు చెప్పే కళాశాల వృక్షశాస్త్ర విభాగపు అటెండరు నీటిమొక్కను పళ్లెంలో తేల్చి, కింద కాగితం జొనిపి, ఒక్క పోగైనా ముడుచుకోకుండా, ఆరబెట్టి దాచడానికి ఎత్తేవాడు.

ఒకనాడు ఒక కుంటలోంచి, పురుగులను తిత్తులలోకి లాగి తినే పసుపుపూల మొక్కను తెచ్చాడు.

"గిది మన దగ్గరున్న జాతి కాదు సార్. తిత్తులు చూడున్రి."

విత్తనం చూడనిదే వేరే జాతిగా రాయనన్నాను.

మూడు వారాలకు విత్తనం కోసం ఆ కుంటకు వెళ్లి, ఉత్త చేతులతో వచ్చాడు. "కుంటల మట్టి పోసిండ్రు సార్. నా మాట మీద రాస్తే ఏమైతది?"

"మాట ఆధారం కాదు" అని, దాన్ని మా దగ్గరున్న పాత జాతి ఎండుమొక్కల కట్టలోనే చేర్చాను.

ఆ తర్వాత పదకొండేళ్లు నా దగ్గరే పనిచేశాడు. వందల మొక్కలను కాగితం మీదికెత్తాడు. ఇది ఏ జాతి అని నేను అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు.

"నాకేం ఎరుక సార్? మీరే రాయున్రి."